మిగిలిన ఒకే ఒక్క ఆసక్తి

మనిషికి ఉద్యోగం కావాలనిపించడం ప్రకృతి. అది ఎంత కావాలనిపించాలో నిర్ణయించడానికి ఒక కార్యాలయం పెట్టడం నాగరికత. ఆ లెక్కన ఆస్ట్రేలియా చాలా నాగరికమైన దేశమని ఒప్పుకోక తప్పదు. స్పెషలిస్టు శిక్షణ సీట్ల కోసం ఇంటర్వ్యూలకు వెళ్ళొచ్చిన డాక్టర్ల ఉత్సాహాన్ని తూచి, ఎక్కువైతే కోసి, తక్కువైతే మందలించడానికి అక్కడ పరిమితోత్సాహ విభాగం అని ఒకటి పనిచేస్తోంది. (సోమవారం నుంచి గురువారం వరకు. శుక్రవారం సిబ్బందికి ఉత్సాహం ఉండదు.)

ఈ విభాగం ఊరికే పుట్టలేదు. పూర్వం ఇంటర్వ్యూ అయిన మర్నాడే డాక్టర్లందరూ ప్యానెల్ వారికి ఈమెయిళ్ళు రాసేవారు, మీ ఆసుపత్రిలో శిక్షణ పొందడం నా చిన్ననాటి కల అని. ఒకే మనిషికి తొమ్మిది ఆసుపత్రుల గురించి చిన్ననాటి కలలు వచ్చినట్టు బయటపడ్డాక, ఇకపై ఎవరూ రాయరాదని నిషేధించారు. దాంతో ఎవరూ రాయలేదు. అప్పుడు ప్యానెల్ వారు నొచ్చుకున్నారు. మేం ఒక్కరికైనా నచ్చలేదా అని ఇద్దరు ప్రొఫెసర్లు సెలవు పెట్టి సముద్రం ఒడ్డుకు వెళ్ళి కూర్చున్నారు. అందుకని మధ్యేమార్గంగా ఇప్పటి నియమం వచ్చింది: అభ్యర్థి తన ఆసక్తిని తప్పక తెలియజేయవలెను, తెలియజేసినట్టు కనిపించరాదు.

ఇలాంటి వ్యవస్థ చేతికి అమూల్య చిక్కింది.

కందుకూరు దగ్గర ఒక పల్లెలో జిల్లా పరిషత్ బడిలో చదువుకున్న పిల్ల. డాక్టరై, అక్కడి పరీక్షలు కూడా గట్టెక్కి, ఇప్పుడు సిడ్నీలో గిరావీన్‌లో పిన్ని శేషుకుమారి ఇంట్లో ఉంటూ, బ్లాక్‌టౌన్ వైపు ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. నెమ్మదస్తురాలు. వార్డులో ఆమె ఉన్న సంగతి, ఏడుస్తున్న పిల్ల ఎవరైనా హఠాత్తుగా ఏడుపు మానితే గాని తెలియదు.

ఆమెకు జీవితంలో కావాలనిపించినవి తక్కువ. వాటిలో పైకి చెప్పినవి ఒక్కటీ లేవు. ఇప్పుడు మాత్రం ఒకటి గట్టిగా కావాలనిపించింది. అది యారంబిల్ అనే ఊళ్ళో పిల్లల వైద్యంలో శిక్షణ సీటు.

యారంబిల్ ఎక్కడో లోపల, గోధుమ పొలాలు మొదలై ఎంతకీ అయిపోని చోట ఉంటుంది. పోయిన చలికాలం అక్కడ పిల్లలను చూసేవాళ్ళు లేక అమూల్యను కొన్ని వారాలు పంపారు. బిడ్డకు ఊపిరాడడం లేదని తల్లులు కారేసుకుని గంటలకు గంటలు నడుపుకుంటూ వచ్చేవారు. అమూల్యకు అది కొత్తగా అనిపించలేదు. చిన్నప్పుడు వాళ్ళ ఊరికి డాక్టరు మంగళవారం వచ్చేవాడు, వస్తే. (మంగళవారం కాక వేరే రోజు జ్వరం తెచ్చుకున్న పిల్లలు ఆగాల్సిందే.) యారంబిల్‌లో ఆ సీటు వరుసగా రెండేళ్ళు ఖాళీగా ఉంది. మొదటి ఏడు వచ్చిన అభ్యర్థులంతా అత్యుత్సాహం కింద అనర్హులయ్యారు. అది చూసి భయపడి, రెండో ఏడు వచ్చినవారంతా నిరుత్సాహం కింద అనర్హులయ్యారు. ఈలోగా ఆ ఊరి పిల్లలు జబ్బుపడడం మానలేదు. పాపం, వాళ్ళకు నియమాలు తెలియవు.

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. దగ్గులు, ఫిట్లు, నెలలు నిండని శిశువులు, దేని గురించి అడిగినా అమూల్య చెప్పింది. ప్యానెల్ అధ్యక్షురాలు డాక్టర్ హెనెసీ సంతోషించి, "టీ తాగుతావా?" అని అడిగింది.

"అబ్బే, వద్దండీ" అంది అమూల్య.

"బిస్కెట్టు?"

"వద్దండీ, పరవాలేదు."

"మరి ఈ సీటు నీకే ఇస్తామంటే తీసుకుంటావా?"

అమూల్య అదే చిరునవ్వుతో, అదే గొంతుతో, "అయ్యో, నా కోసం మీకెందుకండీ శ్రమ" అంది.

అని, వాళ్ళు రెండోసారి అడుగుతారని ఆగింది. ఆమెకు తెలిసిన ప్రపంచంలో ఎవరైనా రెండోసారి అడుగుతారు. పెట్టేవాళ్ళు బతిమాలాలి, తీసుకునేవాళ్ళు మొహమాటపడాలి, చివరికి ఇద్దరూ తృప్తిపడాలి. డాక్టర్ హెనెసీ మాత్రం ఫైలు మూసి థాంక్యూ అంది. ప్యానెల్ నివేదికలో ఇలా నమోదైంది: టీ వద్దన్నారు. బిస్కెట్టు వద్దన్నారు. సీటు వద్దన్నారు. అభ్యర్థిలో నిలకడ ఉంది.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే పిన్ని గరిటె పట్టుకునే సోఫాలో కూలబడింది.

"మీకెందుకు శ్రమ అన్నావా? సీటిస్తామంటే?"

"ఇంకోసారి అడుగుతారనుకున్నా పిన్నీ."

"అడగరమ్మా, వీళ్ళు అడగరు" అన్నాడు బాబాయి యోగానంద్. ఆయన ఇంజినీరు. ఈ దేశానికొచ్చి పాతికేళ్ళు దాటింది కాబట్టి అన్నిటికీ ఒక అనుభవం సిద్ధంగా ఉంటుంది. "నేనొచ్చిన కొత్తలో ఆఫీసులో బార్బీకి, అదే బార్బెక్యూ విందుకి పిలిచారు. ప్లేటు తెచ్చి ముందర పెడితే మర్యాదకి వద్దన్నా. అంతే, ఆ ప్లేటు మళ్ళీ నా వైపు రాలా. పక్కవాడు నా కళ్ళముందే తింటన్నాడు. ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నా. ఆ రోజు నించీ అడక్కముందే ప్లేటు పట్టుకుని నిలబడతన్నా."

"అక్కా, జస్ట్ సే యెస్. లైక్ ఎ నార్మల్ పర్సన్" అంది వాళ్ళమ్మాయి సాహిత్య, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. పదకొండో తరగతి పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులో వస్తుంది.

మర్నాడు అమూల్య ధైర్యం కూడగట్టుకుని పరిమితోత్సాహ విభాగానికి ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక గొంతు ప్రసన్నంగా పలికింది. "నమస్కారం. ఈ కాల్‌ను మీ ఆసక్తిగా నమోదు చేశాం. ఒక్కో అభ్యర్థికి రెండు ఆసక్తులు కేటాయించబడ్డాయి. మీకు ఇంకొకటి మిగిలింది. జాగ్రత్తగా వాడుకోండి."

"అయ్యో, నేను ఊరికే సమాచారం కనుక్కుందామని..."

"ఊరికే ఫోన్ చేసినట్టు రాయమంటారా? అప్పుడది నిరాసక్తి కింద వస్తుంది."

అమూల్య మెల్లగా ఫోన్ పెట్టేసింది.

మిగిలిన ఆ ఒక్క ఆసక్తిని వాడడానికి విభాగం పోర్టల్‌లో ఏడు మెట్లున్నాయి. అడుగు మెట్టు 'అభ్యంతరం లేదు', పై మెట్టు 'ప్రాణం పెడతాను'. పై మెట్టు నొక్కినవాడు అందరికీ అదే చెబుతున్నాడని అనుమానించి పక్కన పెడతారు. నడిమి మెట్టు నొక్కినవాడు చదవకుండా నొక్కాడని పక్కన పెడతారు. అయిదో మెట్టు నొక్కితే పై మెట్టు నొక్కబోయి జంకాడని అర్థం. ఆరో మెట్టు గురించి మార్గదర్శకాల్లో ఒకే వాక్యం ఉంది: ఆరో మెట్టు ఎందుకో మాకూ తెలియదు.

ఈ మెట్ల మీంచి జారిపడ్డవారిలో అమూల్యతో పనిచేసే ముస్తాక్ ఒకడు. హైదరాబాద్ కుర్రాడు, సర్జరీ సీటు కోసం తిరుగుతున్నాడు. అడిగిన ప్రతి ఆసుపత్రికీ పై మెట్టు నొక్కి, కింద పెట్టెలో ప్రేమగా ఒక పేరా రాశాడు. పేరా ఒకటే. ఆసుపత్రి పేరు మార్చడం మరిచిపోయాడు.

"ఏమన్నారు మరి?" అని అడిగింది అమూల్య, క్యాంటీన్‌లో.

"ఏమంటరు? నా ఉత్సాహాన్ని ఫ్రీజ్ చేసిన్రు. మార్చి దాకా దేని మీదా ఇంట్రెస్ట్ చూపియ్యొద్దంట" అన్నాడు ముస్తాక్, రెండో సమోసా మీద ఇంట్రెస్ట్ చూపిస్తూ. "నువ్వేం ఫికర్ చెయ్యకు. కింద ఇంకో బటన్ ఉంటది చూడు, 'ఆసక్తి సవరణ' అని. తప్పు జరిగిందని రాయి."

మెట్లేవీ నొక్కకుండా, మిగిలిన ఆ ఆసక్తిని అమూల్య అక్కడే వాడింది. ఇంటర్వ్యూలో వద్దన్నది మర్యాదకే గాని నిజానికి నాకు ఆ సీటు కావాలి అని, మూడుసార్లు తుడిచి నాలుగోసారి రాసింది. 'నిజానికి' అన్న మాట కోత పెట్టాలని పోర్టల్ ఎర్రగీత గీసి సూచించింది. (ఆ మాట ఉత్సాహ పరిమితిని మించుతోందట.) చివర్న ఒక సాక్షి పేరు అడిగింది: అభ్యర్థి ఏదైనా ఒకటి కావాలని కోరగా కళ్ళారా చూసిన వ్యక్తి.

అమూల్య పిన్ని వైపు చూసింది. పిన్ని కూరగాయలు తరిగే కత్తి పక్కన పెట్టింది.

"అబద్ధం చెప్పలేనమ్మూ. నాకిది కావాలని నువ్వెప్పుడు నోరు తెరిచి అడిగావే? చిన్నప్పుడు మీ అమ్మతో బజారుకొచ్చి, గాజుల కొట్టు ముందు నిలబడి చూసేదానివి. కొననా అంటే తల అడ్డంగా ఊపేదానివి. మీ అమ్మ నీకు నిజంగానే వద్దేమో అనుకునేది. నేను కొనిచ్చేదాన్ని."

"ఆ సంగతి రాయొచ్చుగా పిన్నీ."

"రాస్తే ఏమని రాసేది? అడగలేదు గాని ఇచ్చాననా?"

ముస్తాక్ తానే సాక్షినన్నాడు. యారంబిల్ నుంచి తిరిగొచ్చాక అమూల్య ఆ ఊరి వాతావరణాన్ని రోజూ ఫోన్‌లో చూసుకోవడం తాను కళ్ళారా చూశానని, ఇరవై డిగ్రీలుంటే నవ్వేదని, వడగాలి వస్తే దిగులుపడేదని వివరంగా రాశాడు. విభాగం వారు తిప్పి పంపారు. సాక్షి ఉత్సాహం స్తంభించి ఉన్నందున, ఇతరుల తరఫున కూడా దానిని వాడరాదు. సాక్షి లేని కేసు కనుక స్వయంగా ఇంటికొచ్చి ఆసక్తిని పరిశీలిస్తామని కబురు చేశారు.

గురువారం సాయంత్రం వచ్చిన అధికారి పేరు గ్రాహమ్ పెటిఫర్. హోదా, ఆసక్తి సమన్వయాధికారి. ఎర్రటి మెడ, పొట్టి చేతుల చొక్కా, అందరినీ 'మేట్' అని పిలిచే మంచి మనిషి. వస్తూనే నియమం చదివి వినిపించాడు, పరిశీలనకు వచ్చిన అధికారి గ్లాసెడు మంచినీళ్ళు తప్ప ఏమీ స్వీకరించరాదని.

శేషుకుమారి శ్రద్ధగా విని, అల్లం పచ్చడితో నాలుగు గారెలు తెచ్చి ముందు పెట్టింది.

"నో, నో, థాంక్యూ. తినే వచ్చాను" అన్నాడు పెటిఫర్.

"అయ్యో, ఎప్పుడు తిన్నారో ఏమో" అని ఇంకో గారె వేసింది.

"నిజంగా వద్దండీ. నియమాలు ఒప్పుకోవు."

"నియమాలకేం తెలుసు, మీ ఆకలి." పులిహోర వచ్చింది.

"మమ్, హీ సెడ్ నో! యూ కాంట్ డూ దట్ హియర్" అని సాహిత్య తల పట్టుకుంది.

"నువ్వూరుకో. గారెల విషయంలో నేను చెప్పిందే, మిగతావాటికి మీ బళ్ళో ఏం చెబితే అదే" అంది శేషుకుమారి. "తినమ్మా గ్రాహమ్, చల్లారిపోతాయి."

పెటిఫర్ ఒక్క ముక్క తుంచాడు. కళ్ళు మూసుకున్నాడు. తరువాత చాలాసేపు పరిశీలన సాగలేదు.

చివరికి చేతులు తుడుచుకుని, ల్యాప్‌టాప్ తెరిచి, వృత్తి ధర్మంతో అడిగాడు. "నేను రెండుసార్లు వద్దన్నాను. వాటిల్లో మీరు ఏది లెక్కలోకి తీసుకున్నారు?"

"రెండూ మర్యాదకేగా అన్నారు" అంది శేషుకుమారి నిజంగా ఆశ్చర్యపోతూ.

పెటిఫర్ అమూల్య వంక చూశాడు. టీ, బిస్కెట్టు, సీటు అని గొణుక్కుంటూ ఏదో టైపు చేసుకున్నాడు. వెళ్ళేటప్పుడు డబ్బాలో పెట్టిచ్చిన గారెలను వద్దు, వద్దు అంటూనే రెండు చేతులతో పట్టుకెళ్ళాడు. (వీటిని ఆయన సాక్ష్యాధారాల కింద నమోదు చేశాడు. కార్యాలయానికి చేరేసరికి ఆధారాలు సగం మిగిలాయట.)

ఆ తరువాత ఇంట్లో శిక్షణ మొదలైంది. ఫలితం ఫోన్‌లో చెబుతారు, సీటు కావాలా అని ఒక్కసారే అడుగుతారు, అప్పుడు తడుముకోకుండా ఒప్పుకోవాలి. రోజూ సాయంత్రం బాబాయి గరాజ్‌లోంచి కారు బయట పెట్టి, అమూల్యను లోపల నిలబెట్టి, జంతికల పళ్ళెం పట్టుకుని ఎదురు నిలబడేవాడు.

"కావాలా?"

"పర్లేదు బాబాయ్."

"అదిగో! పోయింది సీటు. మళ్ళీ. కావాలా?"

"మీరు తిన్నారా?"

"మళ్ళీ పోయింది. నా సంగతి నీకెందుకమ్మా? ప్యానెల్ తింటే నీకేంటి, తినకపోతే నీకేంటి? కావాలా?"

కావాలన్న మాట అమూల్య గొంతులో ఎక్కడో ఇరుక్కుని ఉంది. వారం గడిచాక 'కా' వరకు వచ్చింది. ఒకరోజు డ్యూటీలో ఉండగా యారంబిల్ నుంచి అంబులెన్సులో ఒక పిల్లవాడిని తెచ్చారు. ఉబ్బసం. అక్కడ చూసేవాళ్ళు లేక ఇంత దూరం తెచ్చారు. దారి పొడుగునా వాడు ఆయాసపడుతూనే ఉన్నాడు. వాడు కుదుటపడి నిద్రపోయేదాకా అమూల్య పక్కనే ఉంది. ఆ సాయంత్రం బాబాయి పళ్ళెం ఎత్తకముందే, "కావాలి" అంది. గరాజ్ మోగింది. పక్కింటి కుక్క మొరిగింది. బాబాయి సంతోషం పట్టలేక జంతికలన్నీ ఆమె చేతిలో ఒంపేశాడు.

ఫోన్ బుధవారం వచ్చింది. పెటిఫరే చేశాడు. ఇంట్లో అందరూ భోజనాల బల్ల చుట్టూ చేరారు. స్పీకర్ పెట్టారు.

"డాక్టర్ అమూల్య, యారంబిల్ సీటు మీకు ఇవ్వదలిచాం. స్వీకరిస్తారా?"

"స్వీకరిస్తాను. నాకు కావాలి" అంది అమూల్య.

"అయ్యో" అన్నాడు పెటిఫర్. "అలా అనేశారేంటి?"

"ఏం?"

"మీ ఇంటికి వచ్చి వెళ్ళాక నేనే నివేదిక రాశాను కదా. దాని మీద కమిటీ కూర్చుని, మీ కోసం ప్రత్యేకంగా కొత్త ఉపనిబంధన చేర్చింది. మీ ఇంటివారిని మూడుసార్లు అడగాలి. మొదటి రెండుసార్లు వద్దంటే అది మర్యాద. మూడోసారి ఏం చెబితే అది జవాబు. మొదటిసారే ఒప్పుకుంటే అత్యుత్సాహం. స్క్రీన్ మీద 'మొదటి తిరస్కరణ' అన్న గడి నిండితే గాని రెండో ప్రశ్న తెరుచుకోదు." ఆయన గొంతు తగ్గించాడు. "మేట్, నేను ఇంకా ఏమీ నొక్కలేదు. దయచేసి వద్దనండి."

"వద్దనవే!" అంది పిన్ని రహస్యంగా, వీధి చివరిదాకా వినపడేటట్టు.

అమూల్య నోరు తెరిచింది. పుట్టిన దగ్గర్నుంచీ ఏ ప్రయత్నమూ లేకుండా వచ్చే మాట, ఇప్పుడు రాలేదు. ఆమెకు ఆ పిల్లవాడి ఆయాసం గుర్తొచ్చింది.

"అనలేను పిన్నీ" అంది. "ఇంతకాలానికి ఒక్కసారి కావాలన్నాను. దాన్నిప్పుడు వద్దని ఎట్లా అనేది?"

"ఓ మై గాడ్" అంది సాహిత్య. "ఆఫ్ ఆల్ డేస్, షీ పిక్డ్ టుడే."

బాబాయి చేతులు పిసుక్కున్నాడు. శిక్షణ ఇంత బాగా పనిచేస్తుందని ఆయన అనుకోలేదు. అప్పుడు శేషుకుమారి ఫోన్ ముందుకు వంగింది.

"గ్రాహమ్, ఏమన్నావు ఇందాక? మీ ఇంటివారిని అనా?"

"అవును. నిబంధనలో ఉన్న మాటే అది. 'ఇంటివారు.'"

"నేను ఇంటిదాన్నే. అడుగు."

కీబోర్డు చప్పుడైంది. "శ్రీమతి శేషుకుమారి, మీ అమ్మాయికి యారంబిల్ సీటు ఇవ్వదలిచాం. స్వీకరిస్తారా?"

"అబ్బెబ్బే, ఎందుకండీ మీకు శ్రమ!" అంది శేషుకుమారి. ఎంత సహజంగా అందంటే అమూల్య ఫోన్ లాక్కోబోయింది.

"రెండోసారి అడుగుతున్నాను. స్వీకరిస్తారా?"

"మీరు అడిగారు, అదే పదివేలు. ముందు మీ వాళ్ళకెవరికైనా ఇచ్చుకోండి, మిగిలితే చూద్దాం."

"అద్భుతం" అన్నాడు పెటిఫర్ ఉబ్బితబ్బిబ్బవుతూ. "మూడోసారి, చివరిసారి. స్వీకరిస్తారా?"

శేషుకుమారి ఫోన్ అమూల్య వైపు జరిపింది.

"కావాలి" అంది అమూల్య.

"నమోదైంది. వెల్ డన్, మేట్." మళ్ళీ, "ఆ గారెల సంగతి... మళ్ళీ ఎప్పుడైనా పరిశీలనకు రావాల్సి ఉంటుందేమో" అన్నాడు.

"శనివారం రా" అంది శేషుకుమారి.

"అయ్యో, వద్దండీ, మీకెందుకు శ్రమ" అన్నాడు గ్రాహమ్ పెటిఫర్. శనివారం పన్నెండింటికల్లా వచ్చాడు.

ఆ ఉపనిబంధన ఎంత సమర్థంగా పనిచేసిందంటే, విభాగం వారు దాన్ని ఆ ఏడు దేశమంతటికీ వర్తింపజేశారు. ఇప్పుడు అభ్యర్థులందరూ రెండుసార్లు వద్దనాలి. యోగానంద్ గరాజ్‌లో శనాదివారాలు తరగతులు జరుగుతున్నాయి. తెల్లవాళ్ళు కూడా వచ్చి, జంతికల పళ్ళెం ముందు నిలబడి, సిగ్గుపడడం నేర్చుకుంటున్నారు. ముస్తాక్ మాత్రం ఇంకా పాసవలేదు. పళ్ళెం కనపడగానే తీసుకుంటున్నాడు.

అమూల్య ఫిబ్రవరిలో యారంబిల్‌లో చేరింది. మొదటి రోజు పొద్దున్నే వార్డు ముందు బెంచీ మీద ఒక తల్లి కూర్చుని ఉంది. పక్కన ఉబ్బసం మందు పీల్చే గొట్టంతో ఆడుకుంటున్న పిల్లవాడు. అంబులెన్సులో సిడ్నీకి వచ్చినవాడే. అమూల్యను చూసి నవ్వాడు. తల్లి మాత్రం నవ్వలేదు. ఇంతకుముందు వచ్చి వెళ్ళిపోయిన డాక్టర్లను చూసిన ముఖం అది.

"ఉంటావా, లవ్?" అని ఆ దేశపు చనువుతో అడిగింది.

"ఉంటాను" అంది అమూల్య, మొదటిసారికే.

ఆ తల్లి ఇంకేదో అనబోయి, చుట్టూ చూసి, నోటి మీద వేలు పెట్టుకుని గోడ వైపు చూపించింది. పరిమితోత్సాహ విభాగం వారి కొత్త నోటీసు అక్కడ అద్దం వెనక మెరుస్తోంది: తమ పిల్లలకు డాక్టరు కావాలన్న కోరికను తల్లిదండ్రులు ఆసుపత్రి ఆవరణలో వ్యక్తపరచరాదు. డాక్టరు లేకుండా రెండేళ్ళు సర్దుకున్నందున, డాక్టరును ఈ ఊరు ఇప్పటికి రెండుసార్లు మర్యాదగా వద్దన్నట్టు నమోదైంది.